ఉల్లిపాయల పిన్నీసు

మార్చి 3, 1984. శనివారం. అరోరా

స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం! ఈ రోజు సంగతి రాయకపోతే నా గుండె పగిలిపోయేలా ఉంది. దేవకుమారి నన్ను తన మ్యూజియంకి తీసుకెళ్లింది.

నవంబరులో విమానం దిగినప్పటి నుంచి అడుగుతున్నాను, నీ పని ఏమిటో ఒక్కసారి చూపించు తల్లీ అని. ఇవాళ్టికి కుదిరింది. చికాగోలో అంత పెద్ద భవనం, అంత పెద్ద మెట్లు. కింద అంతస్తులో నా కూతురి బల్ల. దీపం, భూతద్దం, పళ్లు తోముకునేలాంటి బ్రష్షులు, సీసాల్లో మందులు. బల్ల మీద చిలుము పట్టిన కంచు ముక్కలు. ఏమిటనుకున్నాను? పిన్నీసులు! రోమా సైనికుల పిన్నీసులు!

"నాన్నా, పిన్నీసు అనకు. ఫిబులా అనాలి."

"ఏం, పిన్నీసంటే నామోషీయా? మీ అమ్మ గాజుకి ఎప్పుడూ వేలాడుతూనే ఉండేవి."

"అవి సేఫ్టీ పిన్నులు. ఇది వాటికి ముత్తాత."

బొత్తాలు కుట్టుకోవడం తెలియని రోజుల్లో దుప్పటిలాంటి గుడ్డ ఒంటికి చుట్టుకుని కుడి భుజం మీద దీనితో బిగించేవారట. అలాగైతే కత్తి పట్టే చెయ్యి గుడ్డలో చిక్కుకోదు. విల్లులా వంగిన కడ్డీ, దాని కింద సూది, సూది మొన ఇరుక్కునే కొక్కెం. అంతే. ఒకదానికి మాత్రం తల దగ్గర మూడు బుడిపెలున్నాయి, అచ్చం చిన్న ఉల్లిపాయల్లాగ. "ఇది పెట్టుకుంటే ఎంతటివాడో దూరం నుంచే తెలిసిపోయేది నాన్నా. మామూలు సైనికుడికి కంచు. పైవాడికి బంగారు పూత. మరీ పైవాడికి అచ్చ బంగారం." మా పటాలంలో చేతి మీద పట్టీల్లాగే అన్నమాట. నాకు రెండు పట్టీలు. నాయక్ జకరయ్య. రిటైరయ్యేదాకా ఆ రెండే.

పైన అద్దాల బీరువాలో బంగారపుది ఉంది. దాన్ని కడిగి తళతళలాడించింది నా కూతురే. అక్కడ నిలబడి నేను ఏడ్చేశాను. గార్డు పరిగెత్తుకొచ్చాడు. "ఆర్ యూ ఓకే, సర్?"

"మై డాటర్," అన్నాను. "మై డాటర్ వాష్!"

ఆ నల్లాయన నవ్వి, మడమలు కలిపి నాకు సెల్యూట్ కొట్టాడు. నేనూ కొట్టాను. దేవకుమారి తల పట్టుకుంది కానీ కోపంగా కాదు.

వచ్చేటప్పుడు కార్‌లో అడిగాను, "రేపు చర్చికి వస్తావా తల్లీ?" అని.

"పనుంది నాన్నా."

ఆమెకి పనెక్కువ. ఆదివారం కూడా పనే. పెద్ద ఉద్యోగాలంటే అలాగే ఉంటాయి.

మార్చి 4. ఆదివారం

అబ్రహాం అయ్యగారు కార్ తెచ్చి నన్ను ఎక్కించుకున్నారు. ఆయన వారమంతా హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేస్తారు, ఆదివారం మాకు పాస్టరు. షామ్‌బర్గ్‌లో తెల్లవాళ్ల చర్చిని మధ్యాహ్నం పూట మన తెలుగువాళ్లకి ఇస్తారు. మంచి మనసు వాళ్లది. హీటర్ కూడా వేసి ఉంచుతారు.

నా పక్క కుర్చీ ఖాళీగా కనపడకూడదని దాని మీద నా కోటు పెట్టుకుంటాను. ఎవరైనా కూర్చోబోతే "మా అమ్మాయికండీ" అంటాను. వాళ్లు తల ఊపి వెళ్లిపోతారు. ఎవరూ ఏమీ అడగరు. అక్టోబరు నుంచి దేవకుమారి ఈ గుమ్మం ఎక్కలేదని అందరికీ తెలుసు. అక్టోబరులో ఏం జరిగిందో కూడా తెలుసు. నేనప్పటికి ఈ దేశం రాలేదు. ఆ సంగతి ఇక్కడ రాయను.

శుభవార్త! ఈస్టర్ సాయంత్రం సిలువ నాటిక వేస్తున్నాం. శతాధిపతి వేషం సెక్రటరీ సుందర్ రాజ్ గారిది. నేను ఆయన కింద సైనికుణ్ణి. నిజం తుపాకీ పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే కానీ, సుందర్ రాజ్ గారు పొడుగు. శతాధిపతికి పొడుగు అవసరం. నాకేం బాధ లేదు.

ప్రభువా, నాకు ఒక్కటే కోరిక. నా బిడ్డ వచ్చి ఆ కుర్చీలో, నా కోటు తీసేసి, కూర్చుని పాట పాడాలి. ఇంకేమీ వద్దు. శతాధిపతి వేషం కూడా వద్దు.

మార్చి 6

సుందర్ రాజ్ గారు మరీ అంత పొడుగేమీ కాదు. నాకేం బాధ లేదు.

మార్చి 11. ఆదివారం

ఆరాధన అయ్యాక కాఫీల దగ్గర నాటిక మాటలు వచ్చాయి. పై గుడ్డలు జారిపోతున్నాయి, ఎలా నిలబెట్టాలి అని ఆడవాళ్లు తర్జనభర్జన పడుతున్నారు. నాకు ఇంతకన్నా మంచి సమయం దొరుకుతుందా? లేచి నిలబడ్డాను. పిన్నీసు అంటే చవకగా ఉంటుందని, మ్యూజియం మాట మ్యూజియం మాటలాగే చెప్పాను.

"మీరేం దిగులు పడకండి. మా అమ్మాయి మ్యూజియం నుంచి ఫిబులా తెస్తుంది. అసలైన రోమా సైనికుడిది!"

హాలంతా నిశ్శబ్దం! సుందర్ రాజ్ గారి భార్య విమలకుమారి గారు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. ఆవిడ పెద్ద నర్సు, దేనికీ అంత తొందరగా ఆశ్చర్యపోయే మనిషి కాదు. మిగిలిన నర్సులు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా కూతురంటే ఏమిటో ఇవాళ అందరికీ తెలిసింది.

దేవకుమారికి ఇంకా చెప్పలేదు. చెబుతాను. మంచి సమయం చూసి.

మార్చి 13

అయ్యగారు హాస్పిటల్ నుంచి ఫోన్ చేశారు. ఆయనకి నా కూతురి పని మీద ఎంత ఆసక్తో! ప్రతి మాటా రాసుకుంటున్నాను.

"జకరయ్య గారూ, వందనాలు. మీరు ఆదివారం చెప్పింది... ఎవరిదండీ అది?"

"రోమా సైనికుడిది అయ్యగారూ."

"ఎక్కడ దొరికిందట?"

"సమాధిలో. భుజం దగ్గర."

"భుజం దగ్గరా? అది భుజం దగ్గరికి ఎలా వచ్చిందండీ?"

"అక్కడే కదండీ ఉండేది!"

"సరే... పొడవు ఎంత ఉంటుంది?"

"నా అరచెయ్యంత."

"అయ్యో పాపం. పసివాడా?"

"పసివాడేంటండీ! పెద్ద ఆఫీసరు. ఎంత పెద్ద ఆఫీసరైతే అంత గొప్పది!"

"రెండూ దొరికాయా?"

"ఒక్కటే అయ్యగారూ. కుడివైపుది. ఒక్కటే ఉంటుంది."

"శుభ్రంగానే ఉందా?" అన్నారు మెల్లిగా.

"మా అమ్మాయి మందులో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది రుద్ది తోమింది. తళతళలాడిపోతోంది!"

"మంచిదండీ. ప్రార్థనలో పెడదాం," అని ఫోన్ పెట్టేశారు. ఎంత భక్తి!

మార్చి 18. ఆదివారం

సుందర్ రాజ్ గారు నన్ను పక్కకి పిలిచారు. కోటు గుండీలు పెట్టుకుని, గొంతు సవరించుకుని మరీ చెప్పారు. "జకరయ్య గారూ, కమిటీ మాట్లాడుకుంది. మన చర్చిలో అలాంటివి పెట్టడం మన పద్ధతి కాదు. చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"ఎందుకండీ! మీ భుజం మీద పెడితే మీరు వెలిగిపోరా?"

"నా భుజం మీదా!" ఆయన మొహం పాలిపోయింది. "పిల్లలు జడుసుకుంటారండీ."

ఆయనకి ఇంత వినయం ఉందని నాకు తెలియదు. బంగారం పెట్టుకోవడానికి మొహమాటం. తొందరపడి ఏమేమో అనుకున్నాను ఆయన గురించి.

దేవకుమారికి ఇంకా చెప్పలేదు. ఈ వారం ఆమెకి జలుబు.

మార్చి 20

విమలకుమారి గారు ఫోన్ చేశారు. దేవకుమారి ఎత్తింది. ప్రభువా.

మార్చి 21. బుధవారం

నిన్న చెయ్యి ఆడలేదు. ఇవాళ రాస్తాను.

నేను వంటింట్లో చిక్కుడుకాయ వేపుడు కలుపుతున్నాను. ఫోన్ మోగింది. "హలో," అంది దేవకుమారి. తరవాత "విమలా ఆంటీయా," అంది. ఆ తరవాత ఎంతసేపటికీ మాట లేదు. నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఏ ఎముక ఆంటీ?"

"..."

"కాలి ఎముకా! నేనా!"

"..."

"ఎవరి భుజం మీద పెడతానన్నారు?"

అంతే, నా కూతురు గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందనుకుని గరిటె పారేసి పరిగెత్తాను. ఏడవడం లేదు. నవ్వుతోంది! కడుపు పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారుతుంటే, చిన్నప్పుడు బాపట్లలో మేక నా చొక్కా తినేసినప్పుడు నవ్విందే, ఆ నవ్వు. నేను ఈ దేశం వచ్చాక ఆ నవ్వు వినడం ఇదే మొదటిసారి. ఫోన్‌లో అవతల విమలకుమారి గారి నవ్వు కూడా నాకు వినపడింది.

సంగతేమిటంటే, డాక్టర్ల భాషలో ఫిబులా అంటే మోకాలి కింద ఉండే సన్న ఎముక అట. ఆ ఎముక చూడ్డానికి ఈ రోమా సూదిలా ఉంటుందని ఆ పేరు పెట్టారట. మా చర్చిలో సగంమంది నర్సులు, అయ్యగారేమో ల్యాబు. జకరయ్య కూతురు సమాధిలోంచి రోమా సైనికుడి కాలి ఎముక తీసుకొచ్చి సుందర్ రాజ్ గారి భుజం మీద పెడుతుందని పది రోజులుగా సంఘమంతా ప్రార్థన చేస్తున్నారు.

ఇద్దరూ నవ్వి నవ్వి ఒకేసారి ఆగిపోయారు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, తాము మాట్లాడుకోవడం లేదని.

"సరే ఆంటీ, ఉంటాను," అని ఫోన్ పెట్టేసింది. నా వైపు తిరిగింది.

"నేను తెస్తానని ఎవరు చెప్పారు నాన్నా?"

"తేవచ్చు అన్నానమ్మా."

"తేవచ్చు అన్నావా, తెస్తుంది అన్నావా?"

ఈ పుస్తకంలో వెనక్కి తిప్పి చూశాను. తెస్తుంది అనే ఉంది. చేతిరాత నాదే.

"అవి మ్యూజియం వస్తువులు. ఒక్కటి గుమ్మం దాటిస్తే నా ఉద్యోగం పోతుంది. అది నీకు తెలుసు. నన్ను ఆ చర్చి మెట్లు ఎక్కించాలనేగా?"

నేను పారేసిన గరిటె వెతుక్కున్నాను.

"నా మొగుడు వెళ్లిపోయాడని విమలా ఆంటీ ఒక్కదానికే చెప్పుకున్నాను నాన్నా. అమ్మలాంటిది కదా అని. తరవాతి ఆదివారం ఆవిడ లేచి కళ్లు మూసుకుని, అంతమంది ముందు మొత్తం ప్రార్థన చేసింది. అతను ఏమన్నాడో, ఏం పట్టుకుపోయాడో, అన్నీ. దేవుడికి తెలియవా ఆ వివరాలు? ఆవిడ ప్రార్థన చేయలేదు, వార్తలు చదివింది. అందరూ ఆమెన్ అన్నారు."

ఇదీ అక్టోబరు సంగతి. రాయనన్నాను. రాసేశాను.

వేపుడు మాడింది. ఇద్దరం అదే తిన్నాం.

మార్చి 22

అయినా నవ్వింది కదా! స్తోత్రం.

మార్చి 24. శనివారం

ఎక్కడ మొదలుపెట్టను? ఈ రోజు రిహార్సల్. అయ్యగారి కార్ షెడ్డులో ఉందట. దేవకుమారి "నేను డ్రైవ్ చేస్తాను. లోపలికి రాను. కార్‌లో కూర్చుంటాను," అంది. నేను ఊ అన్నాను. ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. నా జన్మలో ఇంత నోరు కట్టుకోవడం ఇదే.

లోపల పరిస్థితి ఘోరం. సైనికులందరం ఎర్ర దుప్పట్లు చుట్టుకున్నాం. చెయ్యెత్తితే జారుతున్నాయి. చిన్నపిల్ల మీనా నా దుప్పటి పట్టుకుని తిరుగుతోంది. ఇక్కడే పుట్టిన పిల్ల. "తాతా, పిన్నీసు అంటే ఏంటి? మెనీ పిన్నిస్? ఒక పిన్ని, టూ పిన్నీస్?" అని అడిగింది. అందరం నవ్వుతూ ఉన్నాం. అప్పుడు తలుపు తెరుచుకుంది.

దేవకుమారి. చేతిలో చెప్పుల డబ్బా. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

"ఎముక తెచ్చానండీ," అంది. "ఎవరికి కావాలి?"

ముందు అయ్యగారు పగలబడి నవ్వారు. తరవాత అందరూ.

డబ్బాలో మ్యూజియం వస్తువు కాదు, ఆమె ఇత్తడి తీగ వంచి చేసిన నకలు. చేసి తెచ్చిందని నాకే తెలియదు! సైనికుల వైపు ఒక్క చూపు చూసి, ఇక ఉండబట్టలేకపోయింది. "అందరూ ఎడమ భుజం మీద ఎందుకు ముడేసుకున్నారు? కత్తి ఏ చేత్తో దూస్తారు? నాన్నా, నువ్వు కూడానా! మిలిటరీలో ఏం చేశావు?"

"మాకు బొత్తాలుండేవమ్మా."

ఎలా బిగించాలో చూపించడానికి ఒక మనిషి కావాలి. ఎవరూ కదల్లేదు. విమలకుమారి గారు ముందుకొచ్చి నిలబడ్డారు. దేవకుమారి ఒక క్షణం చూసి, దుప్పటి తీసుకుని ఆవిడ భుజాల చుట్టూ వేసింది.

"నేను ప్రార్థనే చేశానమ్మా," అన్నారు విమలకుమారి గారు, గొంతు తగ్గించి. "చెడ్డ ఉద్దేశం లేదు."

"తెలుసు ఆంటీ. చెయ్యి ఎత్తండి."

"కోపం పోలేదా?"

"పోలేదు. ఇంకొంచెం ఎత్తండి."

"ఫోన్ చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. మొహం చెల్లలేదు. ఎముక పుణ్యమా అని చేశాను."

"ఇకమీదట నా గురించి ప్రార్థన చేయాలనిపిస్తే ఇంట్లో చేసుకోండి ఆంటీ. తలుపేసుకుని. మెల్లిగా. దేవుడికి చెవుడు లేదుగా."

"గట్టిగా అనడం అలవాటైపోయిందే అమ్మా. మా ఆయనకి చెవుడు."

"ఏంటీ?" అన్నారు సుందర్ రాజ్ గారు అటువైపు నుంచి.

దేవకుమారి సూది గుడ్డలో గుచ్చి, వెనక్కి తెచ్చి, కొక్కెంలో ఇరికించింది. టిక్ మంది. విమలకుమారి గారు చెయ్యి పైకెత్తి, కిందికి దించి, గిర్రున తిరిగారు. గుడ్డ కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. దేవకుమారి తుడుచుకోలేదు, అప్పటికే రెండో దుప్పటి తీసింది.

సుందర్ రాజ్ గారికి మాత్రం మనసు నిండలేదు. నేను వర్ణించిన ఉల్లిపాయల పిన్నీసు ఆయన బుర్రలో నాటుకుపోయింది.

"అమ్మాయ్, నాకూ మీ నాన్నకీ ఒకటే రకమా?"

"అంకుల్, మూడు ఉల్లిపాయలది ఆ తరవాత మూడొందల ఏళ్లకి గానీ రాలేదు. ఈ కథ నాటికి అందరూ దాదాపు ఇలాంటివే పెట్టుకునేవాళ్లు."

"మరి నేను శతాధిపతినని జనానికి ఎలా తెలుస్తుంది?"

"మీరు మాట్లాడితే తెలుస్తుంది."

"నాకున్నది ఒక్క మాటే కదమ్మా!"

నేను నా దుప్పటి మడత సర్దుకుంటూ ఉండిపోయాను. ఒకటే రకం! ఆయనకీ నాకూ! స్తోత్రం.

మార్చి 25. ఆదివారం

రాలేదు. పనుందట.

కోటు కుర్చీ మీద పెట్టాను.

ఏప్రిల్ 1. ఆదివారం

రాలేదు. కానీ రోజూ సాయంత్రం వంటింటి బల్ల మీద ఇత్తడి తీగలు వంచుతోంది. నేను పట్టుకుంటాను, ఆమె వంచుతుంది. నా వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. "సైనికుడివి కదా, ఓర్చుకో," అంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పిన్నీసులు చేసిస్తోంది కదా, అదీ చర్చి పనే. చర్చికి వచ్చినట్టే లెక్క.

ఏప్రిల్ 3

లెక్క కాదు. నాకు తెలుసు.

ఏప్రిల్ 8. ఆదివారం

రాలేదు.

విమలకుమారి గారు గోంగూర మాంసం వండి అయ్యగారి చేత పంపారు. దేవకుమారి గిన్నె మూత తీసి వాసన చూసి, "ఉప్పెక్కువ," అంది. గిన్నె ఖాళీ చేసింది.

ఏప్రిల్ 12

సుందర్ రాజ్ గారు సొంతంగా ఉల్లిపాయల పిన్నీసు చేయించుకున్నారట! బీరువా తలుపులకి ఉండే మూడు ఇత్తడి గుబ్బలు తీసి ఒక ఇనప కడ్డీకి అతికించారట. ఫోన్‌లో చెప్పి మురిసిపోయారు. దేవకుమారితో అంటే, "బరువుకి గుడ్డ ఆగదు నాన్నా. చెప్పినా వినరు. ప్రమోషన్ తొందర," అని నవ్వింది.

ఏప్రిల్ 15. మట్టల ఆదివారం

అందరికీ తలో మట్ట ఇచ్చారు. నేను రెండు అడిగి తెచ్చాను. దేవకుమారి తన మట్టని కాసేపు చేతిలో తిప్పి, గ్లాసులో నీళ్లు పోసి అందులో పెట్టింది. పారేయలేదు. పారేయలేదు.

ఏప్రిల్ 19

రేపు గుడ్ ఫ్రైడే. అడగలేదు. అడిగితే పనుందంటుంది. ఆ మాట ఆమె చేత ఎందుకు చెప్పించాలి?

ఏప్రిల్ 22. ఈస్టర్

వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

మధ్యాహ్నం దేవకుమారి వచ్చింది. ఆరాధనకి కాదు. "వెనక గదిలో అందరికీ పిన్నులు పెట్టేసి, నాటిక అయ్యేదాకా అక్కడే ఉంటాను. అంతే నాన్నా," అని ముందే చెప్పింది. సరే అన్నాను.

నా భుజం మీద తనే గుచ్చింది. వంగి, నాలుక చివర పళ్ల మధ్య పెట్టుకుని, చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దినట్టు. నేను వేళాకోళంగా అన్నాను, "నాకు కూడా ఒక ఉల్లిపాయ పెట్టకపోయావా తల్లీ?" అని.

"నా బల్ల మీదకి పెద్దవాళ్ల పిన్నులు కూడా వస్తాయి నాన్నా. గీత పడకుండా కొత్తగా ఉంటాయి. సైనికులవి చూడు, సూదులు అరిగిపోయి ఉంటాయి. రోజూ తీసి పెట్టి, తీసి పెట్టి. నాకు అవే ఇష్టం," అంది.

నేను నా భుజం మీది పిన్ను తడిమి చూసుకున్నాను.

స్టేజి ఎక్కే ముందు నా కళ్లజోడు తీసేయించారు, రోమా సైనికుడికి కళ్లజోడేమిటని. అందుకని జనమంతా నాకు రంగురంగుల మబ్బులా ఉన్నారు. స్టేజి మీది వాళ్లు మాత్రం కనపడుతూనే ఉన్నారు. సిలువ ఘట్టం వచ్చింది. దీపాలు తగ్గించారు. జనం ముక్కులు చీదుకుంటున్నారు. శతాధిపతి ముందుకొచ్చి, చెయ్యెత్తి, తన ఒక్క మాట చెప్పాలి.

సుందర్ రాజ్ గారు చెయ్యెత్తారు. మూడు ఉల్లిపాయలూ ఊడిపోయాయి! ఠంగ్, ఠంగ్, ఠంగ్ మని స్టేజి మీద దొర్లుకుంటూ వెళ్లాయి. వెనకాలే దుప్పటి జారింది. రోమా శతాధిపతి గళ్ల చొక్కాలో, ఆఫీసు ప్యాంటులో నిలబడ్డారు. ముందు వరసలో పిల్లలు గుబ్బల కోసం ఎగబడ్డారు. ఆ గందరగోళంలో ఆయన తన మాట మరిచిపోయారు. నోరు తెరిచి నిలబడ్డారు, అంతే.

నాకు ఆ మాట వచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆఫీసరు ఉండగా జవాను మాట్లాడకూడదు. గుటక మింగి అటెన్షన్‌లో నిలబడ్డాను.

అప్పుడు వెనక గది తలుపులోంచి నా కూతురు వచ్చింది.

పరిగెత్తలేదు. తల వంచుకోలేదు. స్టేజి ఈ చివర నుంచి మధ్యదాకా, అక్టోబరులో ఆమెన్ అన్న అందరి కళ్ల ముందూ నడిచి వచ్చింది. కింద పడ్డ దుప్పటి ఎత్తి దులిపింది. సుందర్ రాజ్ గారి చుట్టూ వేసి, కుడి భుజం మీద మామూలు పిన్ను, నాకు పెట్టినలాంటిదే, గుచ్చి కొక్కెంలో వేసింది. హాలంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆ టిక్ చప్పుడు చివరి వరసకి కూడా వినపడి ఉంటుంది.

"ఇప్పుడు చెప్పండి అంకుల్," అంది మెల్లిగా. చెవుడు కదా, ఆయన "ఏంటీ?" అన్నారు. ఇంకోసారి, ఆయన చెవి దగ్గర, ఆ మాట అందించింది.

"నిజముగా ఈయన దేవుని కుమారుడు," అని సుందర్ రాజ్ గారు చెప్పారు. ఎంత బాగా చెప్పారు! నటన కాదు, మనిషి నిజంగానే కదిలిపోయారు. నేను ఏడ్చాను. సైనికుడు ఏడవకూడదని నాటికలో ఎక్కడా రాయలేదు.

చివర అందరూ లేచి పునరుత్థాన గీతం పాడారు. దేవకుమారి ఎటు వెళ్లిందో నేను చూడలేదు. నా కుర్చీ ఉన్న వైపు చూశాను. నీలం మబ్బు ఒకటి నిలబడి ఉంది. ఆమె వేసుకున్నది నీలం స్వెట్టరే. కానీ ఈ దేశంలో ఎంతమందికి నీలం స్వెట్టర్లు లేవు! పాడుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

నాటిక అయ్యాక కుర్చీ దగ్గరికి వెళ్లాను. నా కోటు మడతపెట్టి కింద, కుర్చీ కాళ్ల దగ్గర ఉంది.

కార్‌లో అడిగాను. "తల్లీ, పాట పాడావా?"

"డ్రైవ్ చేస్తున్నా నాన్నా. మాట్లాడించకు."

ఏప్రిల్ 24

పాడిందేమో. పాడే ఉంటుంది. విమలకుమారి గారిని అడుగుదామనుకున్నాను. ఆవిణ్ణి అడిగితే ఊరంతా తెలుస్తుంది. ఊరుకున్నాను.

ఏప్రిల్ 27

ఈస్టర్ ఒక్కరోజు పండగ. పండక్కి ఎవరైనా వస్తారు. పండగ వెళ్లాక వచ్చే ఆదివారం చప్పగా ఉంటుంది. నాటిక ఉండదు, కేకు ఉండదు. అందుకని నేనేమీ అనుకోవడం లేదు. అయ్యగారి కార్ ఇప్పుడు బాగానే ఉంది. అయ్యగారే వస్తారు.

ఏప్రిల్ 29. ఆదివారం

అయ్యగారు ఇందాక ఫోన్ చేశారు. "జకరయ్య గారూ, ఇవాళ నేను మీ ఇంటికి రావడం లేదండీ," అన్నారు.

"కార్ మళ్లీ పాడయిందా అయ్యగారూ?"

"కార్ బాగానే ఉంది. రావద్దన్నారు."

"ఎవరు?"

"మీ డ్రైవరు," అని నవ్వుతూ పెట్టేశారు.

నాకు అర్థం కాలేదు. టై కట్టుకుంటూ ఆలోచిస్తున్నాను. అర్థమయ్యాక టై ముడి ఎలా వేయాలో మరిచిపోయి ఇలా కూర్చున్నాను. కింద హారన్ వినపడుతోంది. ఈ దేశంలో ఎవరూ హారన్ కొట్టరు, మా బాపట్ల బస్సుల్లాగ ఎవరు కొడతారు, నా కూతురు తప్ప?

"నాన్నా! పాట మొదలెట్టేస్తారు! ఇంకా ఏం రాస్తున్నావ్?"

వస్తున్నా తల్లీ వస్తున్నా